మూడున్నర మైళ్ల కాలవ

ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచ్‌కి వెళ్తుంటే, సముద్రపు గాలి మొహానికి తగలడం మొదలయ్యాక ఒక కాలవ దాటతాం. బకింగ్‌హామ్ కాలవ. బీటెక్ రోజుల్లో బండికి ముగ్గురేసి ఎక్కి దాన్ని ఎన్నిసార్లు దాటామో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఆగింది లేదు. మురికి పట్టిన నీళ్లు, ఒడ్డున సర్కారు తుమ్మ. ఆగి చూడ్డానికి ఏముందని?

ఈ జూలై 2 సాయంత్రం ఒక్కణ్నే వెళ్లి అక్కడ ఆగాను. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. కాస్త సిగ్గు కూడా పడాలి.

మా నాయనమ్మ వాళ్ల ముత్తాత ఈ కాలవ తవ్వాడు. ధాత కరువులో తిండి లేక ఊరొదిలేసి, పెళ్లాం పిల్లల్తో ఒంగోలు వైపు నడిచొచ్చి, కాలవ పనిలో చేరి బతికాడు. కరువు పోయాక బాప్తిస్మం తీసుకున్నాడు. నాయనమ్మకి వాళ్ల జేజి చెప్పింది, నాకు నాయనమ్మ చెప్పింది. మేం క్రైస్తవులమైన కథ ఇంతే.

ఈ కథ నేను బయట ఎవరికీ చెప్పేవాణ్ని కాదు. హాస్టల్లో ఒకడు ఓసారి నవ్వుతూనే అడిగాడు, "మీవాళ్లు ఎప్పుడు కలిశార్రా? గంజి పోస్తే కలిసిన బ్యాచేనా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "కాదురా, మాది అంతకు ముందే" అన్నాను. అబద్ధం. అది అబద్ధమని నాకు మాత్రమే తెలుసు కాబట్టి పెద్ద ఇబ్బంది అనిపించలేదు. ఉద్యోగం వచ్చాక ఆ ప్రశ్న అడిగేవాళ్లూ లేకపోయారు. ప్రమోషన్ వచ్చినప్పుడు లింక్డ్‌ఇన్‌లో "హంబుల్డ్" అని పోస్ట్ కూడా పెట్టాను. రెండొందల లైకులు. ఆ మాటకి అర్థం తెలిసిన మనిషి ప్రమోషన్ వచ్చిన రోజు దాన్ని వాడడు, అది వేరే సంగతి.

ఫిబ్రవరిలో క్యాలెండర్‌లోకి పదిహేను నిమిషాల మీటింగ్ ఒకటి వచ్చింది. అందులో మేనేజర్‌తో పాటు హెచ్ఆర్ కూడా ఉంది. ఇలాంటి మీటింగ్ ఎలా ఉంటుందో ఈమధ్య చాలామందికి తెలుసు కాబట్టి వివరాల్లోకి వెళ్లను. పదకొండు నిమిషాల్లో అయిపోయింది.

బెంగళూరులో రూమ్ ఖాళీ చేసి ఒంగోలు వచ్చేశాను. ఇంట్లో "వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారు" అని చెప్పాను. కంపెనీ ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చేశాను కదా, కాలేజీ నాటి పాతది బయటికి తీసి, రోజూ తొమ్మిదిన్నరకి ముందు గదిలో దాని ముందు కూర్చునేవాణ్ని. నెల మొదట్లో సేవింగ్స్‌లోంచి అమ్మకి ఎప్పట్లాగే డబ్బులు పంపేవాణ్ని. పక్క గదిలో ఉన్న అమ్మకి, ఫోన్‌పేలో.

ఆదివారం గుళ్లో ప్రార్థన మనవుల చీటీలు రాసి ఇస్తారు. ఓ వారం నేనూ రాశాను: ఉద్యోగాలు కోల్పోయిన యవ్వనస్థుల కోసం. ఆ యవ్వనస్థులు ఎవరో రాయలేదు. అయ్యగారు దాన్ని చదువుతుంటే తలొంచుకుని ఆమెన్ చెప్పాను, పక్కవాడి కోసం చెప్పినట్టు. మా గుళ్లో ఇంకో అలవాటు ఉంది, గుప్పెడు బియ్యం. అన్నం వండే ప్రతిసారీ ఆడవాళ్లు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం గుడికి తెస్తారు. ఇబ్బందుల్లో ఉన్న ఇళ్లకి ఆ బియ్యం వెళ్తుంది. మా ఇంట్లో ఆ డబ్బా నేను పుట్టకముందు నుంచి ఉంది. ఆ బియ్యం మా ఇంటి నుంచి వెళ్లడమే తప్ప, మా ఇంటికి ఎప్పుడైనా రావచ్చన్న ఆలోచనే నాకు లేదు.

సరే, రోజంతా స్క్రీన్ ముందు కూర్చున్నాక ఏదో ఒకటి చదవాలి కదా. ఉద్యోగాలకి అప్లై చేయగా మిగిలిన టైమంతా మా ఒంగోలు గురించి చదవడం మొదలుపెట్టాను. అలా దొరికింది జాన్ ఎవరెట్ క్లౌ ఆత్మకథ, "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్". ఆయన 1910లో చనిపోయాక 1914లో వచ్చింది. రాసింది ఆయన భార్య ఎమ్మా, కానీ ఆయనే చెబుతున్నట్టు ఉంటుంది. నెట్‌లో ఉచితం. క్లౌ దొర పేరు ఒంగోలు వాళ్లకి కొత్త కాదు. నాకు తెలియందల్లా ఆ మనిషి కుర్రతనంలో అమెరికాలో సర్వే పార్టీల్లో, గొలుసులు పట్టుకుని భూమి కొలిచే పని చేశాడని. మన లైనే అన్నమాట అనుకుని చదవడం పెంచాను.

అంతకు ముందు కథ కూడా బాగుంటుంది. అమెరికన్ బాప్తిస్టులు 1836లోనే తెలుగువాళ్ల దగ్గరికి వచ్చారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడి పని మూసేద్దామని వాళ్ల బోర్డు ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చర్చించింది. మా భాషలో చెప్పాలంటే ఆ ప్రాజెక్టుకి ఫండింగ్ ఆగిపోయే పరిస్థితి. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారకముందే, నెల్లూరులో ఉండే లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు కలిసి ఒంగోలు ఊరి పక్క కొండెక్కి ప్రార్థన చేశారు. మొత్తం ఐదుగురు. ఒంగోలుకి ఒక మనిషిని పంపమని అడిగారు. క్లౌ ఇక్కడ కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు! జ్యూవెట్ పేరు మీద ఒంగోల్లో పెద్ద చర్చి ఉంది. ఆ ముగ్గురు తెలుగువాళ్లు నర్సు, జూలియా, రూతు. వాళ్ల పేర్లు నాకు ఆ పీడీఎఫ్ చదివేదాకా తెలియవు.

కాలవ దగ్గరికి వెళ్లే ముందు ఆ కొండ కూడా ఎక్కాను. ఇప్పుడది ఊరి పక్కన కాదు, ఊరి మధ్యలో ఉంది. పైనుంచి చూస్తే అన్నీ డాబాలు, నీళ్ల ట్యాంకులు, సెల్ టవర్లు. ఇద్దరు పిల్లలు రీల్ తీసుకుంటున్నారు. పది నిమిషాలుండి దిగిపోయాను.

కాలవ దగ్గర మాత్రం చీకటి పడేదాకా ఉన్నాను.

ధాత కరువు అంటే 1876-78 నాటి మద్రాసు కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి మనవాళ్లు ఆ పేరు పెట్టారు. చనిపోయినవాళ్లు యాభై లక్షలకు పైనే అని చరిత్రకారుల అంచనా. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది కానీ, 1877 జనవరిలో కూలిని ఎంతకు తగ్గించిందో తెలుసా? మగ కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌను అంటే 450 గ్రాములు. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి పెట్టిన లెక్క అది. ఆ తిండితో మట్టి మోసే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గొడవపడ్డాడు. కొన్ని నెలలకి కొంచెం పెంచారు. నేను జిమ్‌కి వెళ్లే రోజుల్లో తిండి గ్రాముల్లో కొలుచుకునేవాణ్ని. కావాలని. ఆ అంకె చూశాక ఆ యాప్ తీసేశాను.

ఆ కరువు పనుల్లో ఒకటి ఈ కాలవ. మద్రాసు నుంచి ఉత్తరంగా, సముద్రానికి సమాంతరంగా వచ్చే పాత కాలవ ముక్కల్ని కలిపే పని. అప్పటి గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ పేరు దీనికి అప్పుడే వచ్చింది. మామూలు పనుల దగ్గర మాదిగవాళ్లకి చివరి వరస. మేస్త్రీల తిట్లు, దెబ్బలు, కూలిలో కోతలు. అది చూసి క్లౌ తనే కాంట్రాక్టు తీసుకున్నాడు, మూడున్నర మైళ్లు. అక్కడ పాత సర్వే పని అక్కరకొచ్చింది. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వాళ్లలో చాలామంది మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లే. మధ్యాహ్నం కూలీలు కాసేపు కూలబడినప్పుడు ఆ మేస్త్రీలు కూడా వాళ్ల పక్కనే కూర్చుని మాట్లాడేవాళ్లట. క్యాంపులో కలరా వచ్చింది. ఆకలితో నడిచొచ్చి, పనిలో చేరకుండానే పోయినవాళ్లూ ఉన్నారు.

నేను నిల్చున్న చోట ఏ బోర్డూ లేదు. గట్టు మీద రెండు గేదెలు, అవతల ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన. "ఏం కావాలి బాబూ?" అని అరిచాడు. "ఏం లేదు తాతా, ఊరికే" అన్నాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. కాలవ దగ్గర ఒంటరిగా నిలబడ్డ కుర్రాణ్ని చూసి పెద్దవాళ్లు భయపడతారని తర్వాత వెలిగింది. చెయ్యి ఊపాక గానీ కదల్లేదు.

అక్కడ కూర్చుని నేను ఆలోచించింది గుళ్లో ఎప్పుడూ వినే ఒక మాట గురించి. తగ్గింపు. సాక్ష్యాల్లో చెబుతుంటారు, కష్టం వచ్చి దేవుడు నన్ను తగ్గించాడని. నిజమే కావచ్చు. కానీ మా నాయనమ్మ ముత్తాతని ఇంకా ఎక్కడికి తగ్గించాలి? ఊరి బయట పుట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని ఊళ్లో నడిచి, 450 గ్రాముల కోసం క్యూ కట్టిన మనిషికి కరువు వచ్చి వినయం నేర్పిందని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆయనకి ఆ కాలవ గట్టు మీద జరిగింది దానికి తిరగేసినదే అయ్యుండాలి. పని చేసినందుకు కూలి, దెబ్బల్లేని కూలి, పక్కన కూర్చుని మాట్లాడే మేస్త్రీ. తలెత్తుకోవడం అలవాటయ్యుండాలి.

తగ్గాల్సింది వేరేవాళ్లు. క్లౌ సంగతే చూడండి. ఒంగోలు వచ్చిన కొత్తలో బ్రాహ్మలు, ఇంకా పై కులాలవాళ్లు ఆయన స్కూలుకి పిల్లల్ని పంపేవాళ్లు. ఊళ్లో మంచి గౌరవం. ఇంతలో కనిగిరి వైపు నుంచి మాదిగలు రావడం మొదలైంది. తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య వాళ్లలో మొదటివాడు. "వాళ్లని చేర్చుకుంటే మేం రాం" అన్నారు పెద్దలు. ఆ రాత్రి క్లౌ, ఆయన భార్య వేరు వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు వచ్చిందట, లోకం లెక్కలోకి తీసుకోనివాళ్లని దేవుడు ఎంచుకోవడం గురించిన చోటు. మాదిగల్ని చేర్చుకున్నాడు. స్కూలు ఖాళీ అయింది. కరువులో ఇంకో మెట్టు దిగాడు. దొరగా వచ్చినవాడు కాంట్రాక్టరయ్యాడు. ఇంకోటి కూడా చేశాడు, నాకు అన్నిటికంటే నచ్చింది. కరువు సాయం పంచుతున్నన్నాళ్లు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలు. అడిగేవాళ్లు వేలల్లో ఉన్నారు. లెక్కలు అమెరికాకి పంపితే బోర్డు ఎగిరి గంతేసేది. అయినా ఆపాడు.

అంటే హాస్టల్లో నా ఫ్రెండ్ అడిగిన ప్రశ్నకి సమాధానం 1878లోనే ఉంది. నాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. అబద్ధం సులువు కదా.

మర్నాడు జూలై 3. వెల్లంపల్లి వెళ్లాలని ముందే అనుకున్నా. 1878 జూలై 3న అక్కడ గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పొద్దున్నే నాన్న స్ప్లెండర్ తీస్తుంటే నాయనమ్మ అడిగింది.

"యాడికిరా?"

"వెల్లంపల్లి. ఊరికే. గంటలో వస్తా."

"ఆపీసు లేదా?"

"లీవు."

నాయనమ్మ ఇంకేం అడగలేదు. లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చింది. ఎనభై ఒక్క ఏళ్లు. వద్దంటే వినదు. ఎక్కి ఒక చెయ్యి నా భుజం మీద వేసింది.

ఒంగోలు నుంచి ఉత్తరంగా హైవే మీద పది మైళ్లుంటుంది. లారీలకి దారిచ్చుకుంటూ నెమ్మదిగా వెళ్లాం. గుండ్లకమ్మ జూలైలో ఏమంత నది కాదు. ఇసుక, రెల్లు, మధ్య మధ్య మడుగులు. నాయనమ్మ ఒడ్డున ఒక చెట్టు కింద కొంగు పరుచుకుని కూర్చుంది. ఫోన్‌లో చదివింది ఆమెకి చెప్పాను. కరువు డబ్బులు అయిపోయాయి, ఇంక సాయం ఏమీ లేదు, రావద్దని క్లౌ ముందే చెప్పాడు. అయినా వచ్చారు. మాకు సాయం వద్దు, బాప్తిస్మం ఇవ్వమన్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు. మధ్యాహ్నం ఎండలో కాసేపు ఆపి సాయంత్రం దాకా. క్లౌ ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఒడ్డునే ఉన్నాడు.

"మా ముత్తాత ఆ రోజు లేడు. తర్వాత తీసుకున్నాడు" అంది నాయనమ్మ. ఆ మాట కూడా ఏదో క్యూలో వెనక నిలబడ్డట్టు మామూలుగా చెప్పింది. కాసేపాగి, "కూలి సంగతి చెప్పానా నీకు?" అని అడిగింది.

చెప్పలేదు.

"మొదటిరోజు సాయంత్రం కూలి ఇస్తున్నారంట. మా ముత్తాత ముందుకుపొయ్యి నేల మీద గుడ్డ పరిచి వెనక్కి జరిగాడంట. అదీ అలవాటు. మన చేతికి ఎవురిస్తారు, పైనించి పడేసేవోళ్లు. మేస్త్రీ ఆ గుడ్డ తీసి ఆయనకే ఇచ్చి, చెయ్యి చాపవయ్యా అన్నాడంట. మా ముత్తాత చాపలా. భయమేసింది. మూడుసార్లు అడిగితేగాని చాపలేదంట. మా జేజి అదే చెప్పేది ఎప్పుడూ. తవ్వడం కష్టం కాలా, చెయ్యి చాపడం కష్టమైందని."

నేనేం మాట్లాడలేదు. మడుగులో కొంగలు.

"నీ పని పొయ్యి ఎన్నాళ్లయిందిరా?"

హైవే మీద లారీల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"ఎవరు చెప్పారు?"

"ఎవురు చెప్పాల? కరోనాప్పుడు ఇంటికాడ ఉంటే పొద్దస్తమానం ఇంగిలీషులో అరిచేవోడివి. ఇప్పుడు నోరే లెయ్యట్లా. ఆ పెట్టి కూడా నీ కాలేజీ పెట్టేగా."

"అమ్మకి తెలుసా?"

"అడగలా నేను."

ఫిబ్రవరి అని చెప్పాను. ఐదు నెలలు అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నేను చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. సేవింగ్స్ ఎంత మిగిలిందో, ఎన్ని ఇంటర్వ్యూలు పోయాయో, నాకంటే జూనియర్ ఒకడు నన్ను ఇంటర్వ్యూ చేసి "వి విల్ గెట్ బ్యాక్ టు యూ" అనడం, అన్నీ. ఆమెకి సగం అర్థమై ఉండదు. గుళ్లో చీటీ రాసిన సంగతి చెప్తే మాత్రం నవ్వింది. "దేవుడికి ఎవురి చీటీనో తెలీదనుకున్నావా?"

తర్వాత బొడ్లోంచి చిన్న సంచి తీసింది. అందులో మడతపెట్టిన ఐదొందల నోట్లు, ఎనిమిది. ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇచ్చిపోయిన పింఛను, నాలుగు వేలు. ఒక్క నోటూ ఖర్చుపెట్టలేదు.

"వద్దు నాయనమ్మా. నా దగ్గర ఉన్నాయి."

"ఉంటే ఉండనీ."

"నీ మందులకి..."

"చెయ్యి చాపు."

ఆమె ఆ మాట కావాలని అందో, మామూలుగా అందో ఇప్పటికీ అడగలేదు. నేను చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఎవరైనా చూస్తారేమోనని చూశాననుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లవాణ్ని, చెయ్యి చాపాను. ఆమె నోట్లు అందులో పెట్టి నా వేళ్లు మూసింది. ఆమె అరచెయ్యి గరుకుగా ఉంది.

నది దగ్గర ఇంకో అరగంట ఉన్నాం. మోకాళ్లు పట్టేస్తే లేపి నిలబెట్టాను. నీళ్ల దాకా వెళ్లాలంది. ఇసుకలో పట్టుకుని నడిపించాను. వంగి మడుగులో చెయ్యి తడుపుకుని మొహం తుడుచుకుంది. ఫోటో తీస్తానంటే కొంగు సర్దుకుని నిలబడింది గానీ, నవ్వమంటే నవ్వలేదు.

తిరుగు దారిలో మద్దిపాడు దగ్గర బండాపి టీ తాగాం. ఆమెకి చక్కెర లేకుండా, నాకు బన్ను కూడా. సాయంత్రం అమ్మకి చెప్పాలి, ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. "బన్ను గట్టిగా ఉందా?" అని అడిగింది నాయనమ్మ. బానే ఉందన్నాను. డబ్బులు నేనే ఇచ్చాను, ఆ నాలుగు వేలల్లోంచి.